వినడం, చేయడం, అడగడం: క్రియాపద్ధతిలో భాషాబోధన – బైబిలు భాషల తరగతి దృష్ట్యా ఒక పరిశీలన

1. ప్రస్తావన

మన సంఘాలలో ఆదివారపు బడికి వచ్చే పిల్లలకు అరామిక్ భాషలో రెండు ఆజ్ఞలు వచ్చు. ఒకటి 'తలీతాకుమీ' (మార్కు 5:41), రెండవది 'ఎఫ్ఫతా' (మార్కు 7:34). వారు వ్యాకరణం చదవలేదు, ధాతువులు వల్లించలేదు. అయినా మొదటి మాట వినగానే పడుకొని ఉన్న చిన్నది లేచి నడవడం, రెండవ మాట వినగానే చెవిటివాని చెవులు తెరుచుకోవడం వారి కళ్లకు కడతాయి. పరాయి భాషలోని మాట ఒక శరీరపు కదలికతో ముడిపడింది గనుక అది నిలిచిపోయింది. అదే సంఘంలో వాక్యపరిచర్య చేసే కాపరి మాత్రం వేదాంత కళాశాలలో హీబ్రూయో గ్రీకో చదివి, పరీక్ష వ్రాసి, పట్టా తీసుకొని వచ్చిన కొద్ది సంవత్సరాలకే ఆ భాషలో ఒక వచనం కూడ చదవలేని స్థితిలో ఉండడం తరచు చూస్తున్నాము. ఆ తరువాత ప్రసంగంలో 'గ్రీకులో దీని అర్థం ఏమనగా' అని చెప్పవలసి వచ్చినప్పుడు ఏదో ఒక చిన్న పుస్తకంపై ఆధారపడక తప్పదు. ఆ పుస్తకం తప్పయితే సంఘానికి అందే బోధ కూడ తప్పే.

ఈ పరిస్థితికి మందుగా కొందరు బైబిలు భాషల అధ్యాపకులు 'టోటల్ ఫిజికల్ రెస్పాన్స్' అనే విధానాన్ని సూచిస్తున్నారు. బోధకుడు నేర్పదలచిన భాషలో ఆజ్ఞ ఇస్తాడు, విద్యార్థి నోరు విప్పకుండా శరీరంతో ఆ పని చేసి జవాబు చెబుతాడు. ఈ వ్యాసంలో దీనిని 'క్రియాపద్ధతి' అని పిలుస్తాము. మా వాదన క్లుప్తంగా ఇది: వినడాన్ని చేయడంతో కలిపే ఈ పద్ధతి మన తరగతులకు మేలు చేస్తుంది. అయితే ఆజ్ఞ ఒకే వైపు నుండి వచ్చినంతకాలం అది సగం చదువే. విద్యార్థి తిరిగి ఆజ్ఞ ఇవ్వగలిగినప్పుడు, ప్రశ్న అడగగలిగినప్పుడు మాత్రమే అది లేఖనం చదివే మనిషిని తయారు చేస్తుంది.

2. పద్ధతి, దాని పుట్టుక

పనితో జోడించి భాష నేర్పాలన్న ఆలోచన పాతదే. ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రాన్స్వా గువా 1880లో ప్రచురించిన గ్రంథంలో, తలుపు తెరవడం వంటి ఒక పనిని చిన్నచిన్న చర్యలుగా విడదీసి వరుసగా చెబుతూ నేర్పే విధానాన్ని వివరించాడు. 1925లో హెరాల్డ్ పామర్, డొరోతీ పామర్ టోక్యోలో 'ఇంగ్లీష్ త్రూ యాక్షన్స్' అనే పుస్తకం వెలువరించారు. ఈ ఆలోచనను ప్రయోగాలతో పరీక్షించి దానికొక పేరు పెట్టినవాడు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మనస్తత్వశాస్త్రం బోధించిన జేమ్స్ ఆషర్. ఆయన 1960లలో జపనీస్, రష్యన్ భాషలతో ప్రయోగాలు చేశాడు. 1969లో 'మోడరన్ లాంగ్వేజ్ జర్నల్'లో వ్యాసం, 1977లో 'లెర్నింగ్ అనదర్ లాంగ్వేజ్ త్రూ యాక్షన్స్' అనే గ్రంథం ప్రచురించాడు.

పద్ధతి నడిచే తీరు ఇలా ఉంటుంది. బోధకుడు 'లే' అని ఆ భాషలో అని తానే లేస్తాడు. తరువాత విద్యార్థులు అతనితో కలిసి లేస్తారు. ఆ తరువాత అతడు కదలకుండా ఆజ్ఞ మాత్రమే ఇస్తే వారు చేస్తారు. చివరి మెట్టు ముఖ్యమైనది. 'కుర్చీ దగ్గరకు నడువు', 'బల్లను ముట్టు' అని విడివిడిగా నేర్చినవారికి, అంతకు ముందు వినని 'బల్ల దగ్గరకు నడిచి కుర్చీని ముట్టు' అనే ఆజ్ఞ ఇస్తారు. వారు తడబడకుండా చేస్తే భాష అర్థమైనట్టే. మాట్లాడమని ఎవరినీ బలవంతం చేయరు. సుమారు 10 గంటలు విన్న తరువాత విద్యార్థులే ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెడతారు. సంభాషణలకు సుమారు 120 గంటల వరకు ఆగాలని ఆషర్ సూచించాడు.

ఇది మన 'యాక్షన్ సాంగ్స్' వంటిదే గదా అని పాఠకులకు అనిపించవచ్చు. మా నూజివీడు ప్రాంతంలో వేసవి అంటే రెండే, మామిడి కోత, వి.బి.యస్. ఆ పది రోజులూ పిల్లలు చేతులు ఊపుతూ, గెంతుతూ ఇంగ్లీషు పాటలు పాడతారు. అది మంచిదే. అయితే రెండింటికీ తేడా ఉంది. పాటలో మాటల వరుస మారదు, చేతుల వరుసా మారదు. ఒక్క మాట అర్థం కాకపోయినా పక్కవాడిని చూసి పిల్లవాడు తప్పు లేకుండా చేయగలడు. క్రియాపద్ధతిలో ఆజ్ఞ ప్రతిసారి మారుతుంది గనుక అర్థం కానివాడు వెంటనే బయటపడతాడు. ఈ కొత్తదనం లేనప్పుడు క్రియాపద్ధతి కూడ కసరత్తే.

సిద్ధాంత విషయంలో ఆషర్ చెప్పినదంతా నిలవలేదు. మెదడు కుడి భాగమే ఈ నేర్పుకు మూలమని ఆయన భావించాడు. అంత సులువైన కుడి, ఎడమ విభజనను నేటి మెదడు శాస్త్రం అంగీకరించదు. పసిపిల్లలు ముఖ్యంగా ఆజ్ఞలు వింటూనే భాష నేర్చుకుంటారన్న ఆయన అభిప్రాయమూ అసంపూర్ణమే. మన ఇళ్లలో పసిబిడ్డ ఆజ్ఞల కంటె ముందే జోలపాట వింటుంది, ముద్దుమాట వింటుంది, 'ఎవరొచ్చారు?' అన్న ప్రశ్న వింటుంది. కాని ఒక సంగతి మాత్రం గట్టిగా నిలిచింది. ఒక వాక్యాన్ని విని ఊరుకున్నవారి కంటె, దాని ప్రకారం చేసి చూపినవారు ఎక్కువ గుర్తుంచుకుంటారని 1980ల నుండి జరిగిన జ్ఞాపకశక్తి ప్రయోగాలు చూపించాయి.

3. బైబిలు భాషల తరగతికి కలిగే మేలు

హీబ్రూలో 'షమా' అనే క్రియకు వినడం, లోబడడం రెండూ అర్థాలే. గ్రీకులో లోబడడం అనే మాట వినడం అనే మాట నుండే పుట్టింది. మనకు ఇది కొత్త కాదు. 'ఆ పిల్లవాడు మాట వినడు' అని మనం అన్నప్పుడు వాడికి చెవుడని కాదు గదా! వినడం, చేయడం ఒకటే అనుకునే తెలుగు చెవికి క్రియాపద్ధతి సహజంగా అతుకుతుంది.

ఇప్పుడు తరగతికి వద్దాం. మన కళాశాలల్లో తరతరాలుగా వాడిన వైన్‌గ్రీన్ హీబ్రూ వ్యాకరణం (1939), వెన్హమ్ గ్రీకు పుస్తకం (1965) ఇంగ్లీషులో ఉన్నవి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ఒక పరాయి భాషను మరొక పరాయి భాష ద్వారా నేర్చుకోవలసి వస్తుంది. హీబ్రూ రాక తప్పాడో, ఇంగ్లీషు రాక తప్పాడో అతనికే తెలియదు. క్రియాపద్ధతిలో మధ్య భాష అవసరమే లేదు. యెరూషలేము కేంద్రంగా పనిచేసిన రాండల్ బ్యూత్, క్రిస్టోఫ్ రికో వంటివారు హీబ్రూను, కొయినీ గ్రీకును ఇలా సజీవ భాషలుగా నేర్పే పాఠాలు తయారు చేశారు.

దీని ఫలితం వాక్యపఠనంలో ఎలా కనిపిస్తుందో యోనా గ్రంథం చూపిస్తుంది. తరగతిలో 'కూమ్' అంటే లేవడం, 'లేఖ్' అంటే వెళ్లడం ఇరవై సార్లు చేసిన విద్యార్థి యోనా 1:2లో 'కూమ్, లేఖ్' అనే రెండు ఆజ్ఞలు పక్కపక్కనే వింటాడు. 3వ వచనంలో 'వయ్యాకోమ్', అనగా 'లేచెను', అని రాగానే, తరువాత 'వెళ్లెను' వస్తుందని అతని కాళ్లు ఎదురుచూస్తాయి. కాని అక్కడ వచ్చేది 'పారిపోవుటకు' అన్న మాట. ప్రవక్త లేచాడు, మాట వినలేదు. మూడవ అధ్యాయంలో అదే ఆజ్ఞ మళ్లీ వచ్చినప్పుడు 'లేచెను, వెళ్లెను' అని రెండూ వస్తాయి. ఈ విరుపును, తరువాతి అతుకును పట్టిక వల్లించి పట్టుకోవడం కష్టం. కూమ్ అంటే లేచి నిలబడిన శరీరానికి ఎవరూ వివరించనక్కరలేదు.

గ్రీకులోనూ ఇంతే. యోహాను 5:8లో పరుపు ఎత్తుకోమన్న ఆజ్ఞ 'ఆరొన్' ఒక్కసారిగా జరిగే పనిని చూపే రూపంలో, నడవమన్న ఆజ్ఞ 'పెరిపాతెయ్' సాగుతూ ఉండే పనిని చూపే రూపంలో ఉన్నాయి. 9వ వచనంలో కథ కూడ అదే తేడాను పాటిస్తుంది: ఎత్తుకొన్నాడు, నడుస్తూ ఉన్నాడు. తరగతిలో చాప చుట్టి ఒక్కసారి భుజాన వేసుకొని, ఆపమనే వరకు నడిచిన విద్యార్థి ఈ వ్యాకరణ భేదాన్ని మరచిపోడు.

మా ప్రాంతంలో కొందరు కాపరులతో కలిసి వారానికొకసారి ఇలా హీబ్రూ చదివాము. వారిలో మోకాళ్ల నొప్పితో లేవలేనివారున్నారు. వారు బల్లమీద ఒక బొమ్మను నిలబెట్టి, నడిపించి జవాబు చెప్పారు. నేర్పులో వారు వెనుకబడలేదు. గెంతగలిగినవారికే ఈ పద్ధతి అన్న అభ్యంతరం కాబట్టి నిలవదు. చేతిలో వస్తువు ఉంటే చాలు.

4. ఆజ్ఞ ఎవరిది?

అసలు విమర్శ ఇక్కడ మొదలవుతుంది. హీబ్రూ ఆజ్ఞార్థకం లింగాన్ని, సంఖ్యను చూస్తుంది: పురుషునికి 'కూమ్', స్త్రీకి 'కూమీ', పురుషులు పలువురైతే 'కూమూ', స్త్రీలు పలువురైతే 'కోమ్నా'. తెలుగు ఆజ్ఞార్థకం లింగాన్ని చూడదు, అంతస్తును చూస్తుంది. 'రా' వేరు, 'రండి' వేరు. ఆ ఒక్క 'అండి'లో ఎదుటి మనిషికి మనమిచ్చే విలువంతా ఉంటుంది.

నూజివీడు తోటల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఏప్రిల్ నుండి జూన్ వరకు రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోతకు వస్తాయి. 'చెట్టెక్కు, చిక్కం అందుకో, తొడిమతో కోయి, సొన కాయమీద పడనీయకు, గంప దించు' అని పెద్దలు చెబుతుంటే చేసి చేసి కుర్రవాడు ఒక్క కోతకాలంలో పనివాడవుతాడు. క్రియాపద్ధతికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. అయితే ఆ ఆజ్ఞలన్నీ 'అండి' లేని ఆజ్ఞలు. తోటలోనూ పొలంలోనూ తరతరాలుగా 'రా, పో, ఎత్తు, దించు' తప్ప 'రండి' అన్న మాట వినని కుటుంబాల నుండి మన సంఘాలలో అనేకులు వచ్చారు. మన వేదాంత విద్యార్థులలోనూ అనేకులు ఆ ఇళ్ల బిడ్డలే. పల్లె బడిలో వారు మొదట విన్న ఇంగ్లీషు కూడ 'స్టాండప్, సిట్ డౌన్', పైగా కొన్నిసార్లు అది శిక్షే. అలాంటివారిని తరగతిలో నిలబెట్టి, బోధకుడు ఆజ్ఞాపిస్తూ ఉంటే, వారు మౌనంగా లోబడుతూ ఉంటే, మనం నేర్పేది భాష ఒక్కటేనా?

భాషకు, ఆజ్ఞకు గల ఈ సంబంధాన్ని చరిత్రకారులు గుర్తించారు. బ్రిటిషువారు భారతీయ భాషలు నేర్చుకొన్న తీరుపై బెర్నార్డ్ కోన్ 1985లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం పేరే 'భాషపై ఆజ్ఞ, ఆజ్ఞల భాష' అనే అర్థమిస్తుంది. భాష నేర్చుకోవడం పాలించడంలో భాగమైందని ఆయన వాదన. మన కృష్ణా తీరంలో ఇంకో రకం అవసరం కనిపిస్తుంది. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లకు, 1873లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఆర్డెన్‌కు ఆజ్ఞల తెలుగు సరిపోదు. బడిలో బోధించాలన్నా, ఊళ్లలో సువార్త చెప్పాలన్నా ఎదుటివారి ప్రశ్న అర్థం కావాలి, దానికి జవాబు చెప్పగలగాలి. మిషనరీలందరూ అంతస్తులకు అతీతులని మేము చెప్పడం లేదు. సువార్త పని స్వభావమే ఆజ్ఞల భాషను దాటిపోవాలని కోరుతుందని మాత్రం చెబుతున్నాము.

లేఖనం కూడ ఆజ్ఞ దగ్గర ఆగదు. ఏదెను తోటలో దాగిన మనుష్యుని దేవుడు పిలిచిన మాట 'అయ్యెక్కా', అనగా 'నీవు ఎక్కడ ఉన్నావు?' అన్న ప్రశ్న (ఆది 3:9). ఫరో యొద్దకు వెళ్లమన్నప్పుడు మోషే వెంటనే లేవలేదు. 'నేను ఎంతటివాడను?' అని అడిగాడు (నిర్గమ 3:11). మరియ 'ఇదెలాగు జరుగును?' అని అడిగిన తరువాతే తన్ను తాను అప్పగించుకొన్నది (లూకా 1:34-38). బైబిలులోని విధేయత నోరు కట్టేసిన విధేయత కాదు. లోబడడం మాత్రమే తెలిసిన విద్యార్థి మోషే మాటలను ఏ స్వరంతో చదవాలి?

ఆషర్ పట్ల న్యాయంగా ఉండాలంటే ఒక మాట చెప్పాలి. విద్యార్థులు బోధకునికి ఆజ్ఞ ఇచ్చే దశను ఆయనే ఏర్పాటు చేశాడు. మాట్లాడమని ఒత్తిడి చేయకపోవడం కూడ, నలుగురిలో నోరు విప్పడానికి భయపడే మన విద్యార్థులకు గొప్ప ఊరట. మా అభ్యంతరం ఆ దశ అలంకారంగా మిగిలిపోవడం గురించి. సమయం చాలదన్న పేరుతో చాలాచోట్ల తీసివేసేది దానినే. మా దృష్టిలో అదే ఈ పద్ధతికి ప్రాణం.

తరగతిలో స్త్రీల సంగతి కూడ ఇక్కడే చెప్పాలి. పురుషులు మాత్రమే ఉన్న తరగతిలో 'కూమీ' అనే ఆజ్ఞకు లేచేవారు ఉండరు. ఆ రూపం పుస్తకంలోనే పడి ఉంటుంది. అప్పుడు యెషయా 60:1లో 'కూమీ, ఓరీ' అన్న పిలుపు స్త్రీరూపంలో ఉన్న సీయోనుకని చెవి గుర్తించదు. న్యాయాధిపతులు 5:12లో మేలుకొమ్మని దెబోరాకు స్త్రీరూపంలో, లెమ్మని బారాకుకు పురుషరూపంలో ఒకే వచనంలో వచ్చే పిలుపులు తెలుగులో ఒకేలా వినబడతాయి. స్త్రీలను తరగతికి పిలవడం మర్యాద కోసమే కాదు. వారు లేకుండా హీబ్రూ ఆజ్ఞార్థకమే పూర్తి కాదు.

5. క్రియకు అందనిది

రెండవ పరిమితి భాష లోతుకు సంబంధించినది. గ్రీకు కొత్త నిబంధనలో 50 సార్లు లేదా అంతకంటె ఎక్కువగా వచ్చే మాటలు సుమారు 300. గ్రంథంలోని మొత్తం మాటలలో దాదాపు 80 శాతం అవే. అయితే 'ఏలయనగా', 'కాబట్టి', 'అయితే' వంటి మాటలు వాటిలో ఎన్నో ఉన్నాయి. వీటిని చేతులతో చేసి చూపలేము.

రోమా 11వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. అంటుకట్టడం అనే క్రియను నేర్పడానికి మా ప్రాంతంలో బొమ్మ కూడ అక్కరలేదు. నాటు టెంక నుండి వచ్చిన మొలక మీద మంచి రకం కొమ్మను అంటుకడతారని ఇక్కడ అందరికీ తెలుసు. కాబట్టి పౌలు అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టాడని చదవగానే తోట ఎరిగిన పాఠకుడు ఆగిపోతాడు. ఇది తలక్రిందుల పని. ఇంతవరకు చేతి అనుభవం మనలను తీసుకొని వస్తుంది. పౌలు ఆ తలక్రిందులతనాన్ని తానే 'స్వభావవిరుద్ధము' అని ఒప్పుకొని (11:24), దాని మీదనే వాదాన్ని కట్టి, అన్యజనుల అతిశయాన్ని అణచడం మాత్రం ఏ క్రియతోనూ చూపలేము. దానికి వాక్యనిర్మాణం చదవాలి, అవ్యయాలు నేర్వాలి, వాదాన్ని వెంబడించాలి.

మనం మొదట చెప్పుకొన్న 'తలీతాకుమీ' కూడ ఇదే నేర్పుతుంది. ప్రాచీన వ్రాతప్రతులలో కొన్నింటిలో అక్కడ 'కూమ్' అని, కొన్నింటిలో 'కూమీ' అని ఉంది. చిన్నదానితో పురుషరూపం ఎందుకు? వ్యవహారంలో చివరి ఇకారం పలకకుండా పోయిన రూపమది అని పండితుల వివరణ. తరగతిలో కూమ్, కూమీ చేసినవాడికే ఈ ప్రశ్న పుడుతుంది. జవాబు మాత్రం వ్యాకరణం, వ్రాతప్రతుల విమర్శ చెప్పాలి. క్రియాపద్ధతి వ్యాకరణానికి బదులు కాదు, దానికి ఆకలి పుట్టించేది.

ఈ పరిమితిని పాశ్చాత్య అధ్యాపకులు కూడ గుర్తించారు. అమెరికాలో స్పానిష్ బోధించిన బ్లెయిన్ రే, ఆజ్ఞలతో మొదలైన తరగతి కొంతకాలానికి ముందుకు సాగదని గమనించి, 1990లలో దానికి కథ చెప్పడాన్ని జోడించాడు. లేఖనంలో అధిక భాగం కథే గనుక ఈ మార్గం మనకు మరింత అనుకూలం.

6. ముగింపు: కొన్ని సూచనలు

ఈ పరిశీలన ఆధారంగా వేదాంత అధ్యాపకుల, విద్యార్థుల ముందు ఈ సూచనలు ఉంచుతున్నాము.

ఒకటి, హీబ్రూ లేదా గ్రీకు తరగతిలో మొదటి పది గంటలు చెవికీ శరీరానికీ ఇవ్వాలి. అక్షరమాల దానితోపాటే నడవవచ్చు. ఆజ్ఞలను తెలుగులోకి అనువదించకూడదు. అనువదిస్తే 'రా'లోని చిన్నచూపు కూడ దిగుమతి అవుతుంది.

రెండు, ఆ పది గంటలు ముగియగానే ఆజ్ఞ ఇచ్చే వంతు విద్యార్థులందరికీ రావాలి. బోధకుడు వారి మాటకు లేవాలి, నడవాలి, చాప చుట్టాలి. తోటలో ఎవరి మాటా తనకు లోబడని ఇంటి నుండి వచ్చిన యువతి 'కూమ్' అంటే అధ్యాపకుడు లేచి నిలబడడం చిన్న విషయం కాదు.

మూడు, ఎవరు, ఏమి, ఎక్కడ అనే ప్రశ్నలను 120 గంటల వరకు ఆపకుండా మొదటి నెలలోనే నేర్పాలి.

నాలుగు, మొదటి అర్ధసంవత్సరం ముగిసేలోగా యోనా వంటి కథను మూలభాషలో వింటూ, చేస్తూ, చదవాలి. పట్టికల వ్యాకరణం అక్కడ నుండి మొదలైతే దేనికి చదువుతున్నామో విద్యార్థికి తెలుస్తుంది.

అయిదు, పరీక్షలో కంఠస్థం చేసిన రూపాలతోపాటు, అంతకుముందు చూడని ఒక సులువైన వచనం ఇచ్చి చదివించాలి. ఆషర్ పద్ధతిలోని కొత్త ఆజ్ఞకు ఇది సమానం.

వాక్యం విని మరచిపోవువారు కాక దాని ప్రకారం చేయువారై యుండమని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. భాష తరగతికి కూడ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. దానితోపాటు మోషేకు, మరియకు దొరికిన అవకాశం, అనగా విన్న మాటను గూర్చి అడిగే అవకాశం, మన విద్యార్థులకు దొరకాలి. ఈ దిశగా తమ తరగతులలో ప్రయత్నించి, ఫలించినదీ ఫలించనిదీ వ్రాయవలసినదిగా తోటి కాపరులను, అధ్యాపకులను కోరుతున్నాము.